నెల్సన్ ఆనన్‌డేల్

యానాం చేరువలోని కోరంగి అయినా, వంగదేశంలోని సుందరవనాలయినా, మడ అడవుల నేల అంతా బురదే. ఆ బురదలో నీరీస్ వంటి శూకాల పురుగులు బొరియలు చేసుకొని నివసిస్తాయి. ఆ బొరియల ద్వారా నేలలోకి గాలి, నీరు చేరుతాయి. రాలి కుళ్ళిన ఆకులు ఎన్నో పురుగులకు ఆహారం. ఆ పురుగులు చేపలకు, రొయ్యలకు, పక్షులకు ఆహారం. ఇటువంటి అల్పప్రాణులను మన దేశంలో శ్రద్ధగా పరిశీలింపజేసిన శాస్త్రవేత్త నెల్సన్ ఆనన్‌డేల్.

ఆయన 1876లో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించారు. తండ్రి పేరుగాంచిన శస్త్రవైద్యుడు. ఆక్స్‌ఫర్డులో చదివి, మలయా ప్రాంతంలో పర్యటించి, 1904లో కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగంలో చేరారు.

సుందరవనాల అంచున పోర్ట్ కానింగ్ అనే ఊరు ఉంది. అక్కడి గుంటలలోని నీటి ఉప్పదనం కాలాన్నిబట్టి మారుతుంది. ఆ మార్పును తట్టుకొని ప్రాణులు ఎలా బ్రతుకుతున్నాయా అని ఆయన పరిశోధించారు.

అదే ప్రశ్న ఆయనను చిల్కా సరస్సుకు నడిపించింది. ఆనాడు ఆ సరస్సు దక్షిణభాగం మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. వానాకాలంలో మహానది పాయలు అందులోకి మంచినీటిని తెస్తాయి. వేసవిలో సముద్రపు ఉప్పునీరు చేరుతుంది. 1914లో ఆనన్‌డేల్ తన సహచరుడు స్టాన్లీ కెంప్‌తో కలిసి అక్కడి జీవులను విరివిగా సేకరించారు. అన్నీ తమకే తెలుసునని భావించక, ఒక్కొక్క వర్గాన్ని అందులో ఆరితేరిన వారికి అప్పగించారు. వానపాముల వర్గాన్ని జాన్ స్టీఫెన్సన్, శూకాల పురుగులను ఐర్లండుకు చెందిన రోలండ్ సదరన్ వర్ణించారు.

1916లో భారత జంతు సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. దానికి ఆనన్‌డేల్ తొలి డైరెక్టరు. సుందర్‌లాల్ హోరా, బైనీ ప్రసాద్ వంటి భారతీయులు ఆయన వద్ద పనిచేసి గొప్ప శాస్త్రవేత్తలయ్యారు. 1924 ఏప్రిల్ 10న, నలభై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే, ఆయన కలకత్తాలో కన్నుమూశారు.

కాలక్రమాన చిల్కా మేటవేసి, సముద్రంతో కలిసే దారి పూడుకుపోసాగింది. 1985-87లో అదే సంస్థ సరస్సును మళ్ళీ సర్వే చేసినప్పుడు, ఆనన్‌డేల్ నాటి వివరాలతో పోల్చి చూసుకునే వీలు కలిగింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. ఒకప్పుడు ఏమి ఉండేదో వ్రాసి ఉంచినవారుంటేనే, ఏమి పోయిందో తరువాతివారికి తెలుస్తుంది. బురదలోని పురుగును సైతం లెక్కలోకి తెచ్చిన ఆనన్‌డేల్ మనకు చేసిన మేలు అదే.