డాక్టర్ బ్రహ్మప్రకాశ్‌గారు - మౌలాలి కర్మాగారం

ప్రత్యేక సంచికకు మహనీయుల జీవితాలు రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు, చాలామంది గాంధీగారినో, టంగుటూరి ప్రకాశం పంతులుగారినో ఎన్నుకుంటారని నాకు తెలుసు. నేను డాక్టర్ బ్రహ్మప్రకాశ్‌గారిని ఎన్నుకున్నాను. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, స్టోర్సు సెక్షనులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పనికిరాని సామాను కండెమ్ చేయించి, వేలం వేయించి, రిజిస్టరులో కొట్టివేయడమే తుక్కుతో నాకున్న పరిచయం. తన తుక్కును తానే కరిగించి వాడుకునే కర్మాగారం మన నగరంలోనే ఉందని తెలిశాక, దానికి పునాది వేసిన మనిషి ఎవరా అని కుతూహలం కలిగింది.

బ్రహ్మప్రకాశ్‌గారు 1912 ఆగస్టు 21న లాహోరులో జన్మించారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో లోహశాస్త్రంలో డాక్టరేటు పొందారు. 1951లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో లోహశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. 1957లో ట్రాంబే వచ్చి, సైరస్ రియాక్టరుకు యురేనియం కడ్డీలు తయారుచేసే పనికి నాయకత్వం వహించారు. 1961లో పద్మశ్రీ, 1968లో పద్మభూషణ్ వచ్చాయి.

ఆ అనుభవంతోనే ఆయన హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నిర్మాణ బాధ్యత స్వీకరించారు. మౌలాలి దగ్గర అది 1971లో ఏర్పడింది. అక్కడ యురేనియం బిళ్ళలను జిర్కలాయ్ గొట్టాల్లో నింపుతారు. భారజల రియాక్టర్లకు వాడే గొట్టం మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. జిర్కోనియం సముద్రపు ఇసుక నుంచి వస్తుంది. దానితోపాటే హాఫ్నియం అనే మరో లోహం అంటిపెట్టుకొని ఉంటుంది. ఇది న్యూట్రాన్లను మింగేస్తుంది కనుక పూర్తిగా వేరుచేయాలి. ఇసుకను క్షారంతో కాల్చడం, ఆమ్లంలో కరిగించడం, క్లోరిన్ పట్టించడం, మెగ్నీషియంతో లోహంగా మార్చడం - ఇన్ని మెట్లు ఎక్కితేగాని స్పాంజి రూపంలో లోహం చేతికి రాదు. ప్రతి మెట్టుకూ ఇంధనమో, కరెంటో ఖర్చు.

ఇంత కష్టపడి తెచ్చిన దిమ్మెను గొట్టంగా సాగదీసేసరికి కొసలు, చెక్కుడు పొట్టు బాగానే మిగులుతాయి. అది అప్పటికే లోహం. శుభ్రం చేసి, అచ్చులో నొక్కి, గాలి తీసేసిన విద్యుత్ కొలిమిలో కరిగిస్తే కింది మెట్లన్నీ తప్పుతాయి. ఇంట్లో పాత అల్యూమినియం గిన్నె సంగతీ ఇంతే. ఖనిజం నుంచి తీయడానికయ్యే శక్తిలో 5 శాతంతోనే మళ్ళీ కరుగుతుంది.

నేనుండే మణికొండలో ఎటుచూసినా అపార్టుమెంట్లే లేస్తున్నాయి. తెగ్గోసిన ఇనుప కడ్డీ ముక్కలన్నీ కలగలిపి పాత ఇనుము కొట్టు కాటా మీదికి పోతాయి. జిర్కలాయ్ ముక్కల్ని అలా కలపడానికి వీల్లేదు. తారాపూర్ రియాక్టర్లకు ఒక రకం, భారజల రియాక్టర్లకు మరో రకం. కలిస్తే దిమ్మె చెడుతుంది. సన్నని పొట్టుకు నిప్పంటుకునే గుణమూ ఉంది. ఏ ముక్క ఏ దిమ్మెదో లెక్క లేకపోతే ఆ తుక్కు దేనికీ కొరగాదు. ఇక్కడ మన గుమాస్తాల రిజిస్టరుకు కూడా కాస్త గౌరవం దక్కిందనుకుంటాను!

1974లో పోఖ్రాన్ అణుపరీక్ష తరువాత కెనడా సహాయం ఆపేసింది. సొంత కర్మాగారం ఉండబట్టే మన రియాక్టర్లకు గొట్టాల కోసం పరాయి దేశాల వైపు చూసే అవసరం తప్పింది.

ఆయన మాత్రం 1972లోనే తిరువనంతపురం వెళ్ళారు. విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి మొదటి డైరెక్టరు ఆయనే. అబ్దుల్ కలాంగారు ఎస్.ఎల్.వి.-3 ప్రాజెక్టు నడిపిన రోజుల్లో పైఅధికారి ఈయనే. 1979లో పదవీ విరమణ చేశారు. ఆ రాకెట్టు 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 1984 జనవరి 3న ఆయన పరమపదించారు.

మన సభ్యుల కుటుంబాల్లో ఆ కర్మాగారంలో పనిచేసినవారుంటే, తుక్కు విభాగం ముచ్చట్లు వచ్చే సంచికకు రాయవలసిందిగా కోరుతున్నాను.