కాకినాడ చేరిన హాల్డేన్

పరిణామ సిద్ధాంతం అనగానే మనవాళ్ళకు డార్విన్ పేరు తప్ప మరొకటి తట్టదు. జువాలజీ పాఠాలు చెప్పుకునే నాకు మాత్రం ఆ వెంటనే గుర్తొచ్చేది జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో, కన్నుమూసింది భువనేశ్వర్‌లో. ఆయన భౌతికకాయం చేరింది మన కాకినాడకు. ఇంత దగ్గరివాడైన మనిషి గురించి మన విద్యార్థులకు తెలిసింది తక్కువే.

1892 నవంబరు 5న ఆయన జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లోని గాలిని పరీక్షించడానికి వెళ్తూ కొడుకునూ వెంటబెట్టుకుపోయేవారు. విచిత్రమేమిటంటే కొడుకు ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం. సైన్సు డిగ్రీ లేనే లేదు! అయినా 1924 నుంచి ప్రకృతివరణాన్ని లెక్కల్లోకి దించి వరుసగా వ్యాసాలు రాశారు.

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. పీటర్ గోరర్ అనే యువ డాక్టరు జన్యుశాస్త్రం నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరాడు. 1936-37 ప్రాంతంలో ఈ గోరర్ ఎలుకల కణాల మీద ఒక గుర్తును పట్టుకున్నాడు. ఆ గుర్తు కలవకపోతే, ఒక ఎలుక నుంచి తెచ్చి పెట్టిన ట్యూమర్‌ను రెండో ఎలుక శరీరం తిప్పికొడుతుంది. తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో శరీరానికి చెప్పే ఈ గుర్తుల జన్యువులనే నేడు ఎం.హెచ్.సి. జన్యువులంటున్నాం.

ఈ జన్యువులు మనిషికీ మనిషికీ ఎందుకింత తేడాగా ఉంటాయి? దీనికి దారి చూపింది 1949లో హాల్డేన్ రాసిన ఒక చిన్న వ్యాసం. పరిణామాన్ని నడిపే పెద్ద శక్తుల్లో రోగం ఒకటని ఆయన వాదించారు. రోగక్రిములు ఎక్కువమందిలో ఉన్న లక్షణానికి అలవాటు పడతాయి. అరుదైన లక్షణం ఉన్నవాడు బతికిపోతాడు. కాబట్టి అందరూ ఒకే అచ్చులో పోసినట్లుంటే ఆ జాతికి ముప్పు తప్పదు.

ఈ మాటలోని బలం ఆయన పోయాక చాలా ఏళ్ళకు ఆస్ట్రేలియా ప్రాంతపు జంతువుల్లో కనపడింది. కంగారూల వంటి మార్సూపియల్ జంతువులు మన వంశం నుంచి సుమారు 16 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయాయి. వాటి పిల్ల ఒక గ్రాము బరువైనా లేకుండా, రోగనిరోధక వ్యవస్థ తయారు కాకుండానే పుడుతుంది. తల్లి పాలే దానికి రక్ష. క్రిములను చంపే కాథెలిసిడిన్ అనే పదార్థాలకు మనలో ఉన్నది ఒక్కటే జన్యువు. ఒపోసమ్‌లో పదికి పైగా ఉన్నాయి. 2007లో ఒపోసమ్ జన్యుపటం వెలువడ్డాక ఇలాంటివి మరెన్నో తెలిశాయి.

ఇక టాస్మేనియన్ డెవిల్ సంగతి చూడండి. 1996లో టాస్మేనియా ద్వీపంలో వీటి ముఖాల మీద కాన్సర్ గడ్డలు కనపడ్డాయి. అవి ఒకదాన్నొకటి కరుచుకున్నప్పుడు కాన్సర్ కణాలే అంటుకుంటాయి! వీటి ఎం.హెచ్.సి. జన్యువుల్లో వైవిధ్యం తక్కువ. పైగా ఆ కణాలు తమ గుర్తులను దాచేస్తాయి. గోరర్ ఎలుకలు తిప్పికొట్టినదాన్ని ఇవి తిప్పికొట్టలేకపోయాయి. రోగం సోకిన చోటల్లా వేలాది జంతువులు నశించాయి. అయితే కొద్ది తరాల్లోనే మిగిలినవాటి జన్యువుల్లో మార్పు వస్తోందని 2016లో తేలింది. రోగమే పరిణామాన్ని నడుపుతుందన్న మాట మన కళ్ళ ముందే జరిగిందన్నమాట.

1957లో హాల్డేన్ లండన్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. పంచె, లాల్చీ కట్టారు. భారత పౌరసత్వం తీసుకున్నారు. మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడు. చివరికి ఒరిస్సా వెళ్ళి భువనేశ్వర్‌లో ప్రయోగశాల పెట్టుకున్నారు. అక్కడే కాన్సర్ ఆయన్ని కబళించింది. 1964 డిసెంబరు 1న మరణించారు.

తన శరీరం వైద్య విద్యార్థులకు ఉపయోగపడాలని ముందే రాసిపెట్టారు. ఆ ప్రకారం దాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి పంపారు. పదిమందీ ఒకేలా ఆలోచించకపోవడం ఒక లోపమనుకునే మిత్రులు మనలోనూ ఉన్నారు. తేడాలుండటమే జాతికి రక్షణ అని లెక్కలు కట్టి చెప్పిన ఆ మాస్టారును ఒక్కసారి తలుచుకోండి. చనిపోయాక కూడా మన పిల్లలకు పాఠం చెప్పిన గురువాయన.