తల్లుల ప్రాణములు, ఆసుపత్రి గోడలు
ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితములో ఒక ఘట్టము

రాత్రివేళ దీపము చేతపట్టి గాయపడిన సైనికుల మధ్య తిరిగిన నర్సుగా ఫ్లారెన్స్ నైటింగేల్‌ను మనమందరము ఎరుగుదుము. అయితే ప్రసూతి వార్డును ఎట్లు కట్టవలెనో ఆమె చేసిన పరిశోధన మనలో కొద్దిమందికే తెలియును. మన ఆసుపత్రులలో పాత వార్డులను బాగుచేయ తలపెట్టువారికి అది ఉపయోగపడునని ఇచ్చట స్మరించుకొనుచున్నాము.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరములో, కలిగిన ఆంగ్ల కుటుంబములో జన్మించారు. 1837లో, పదహారేండ్ల ప్రాయములో, దేవుడు తనను సేవకు పిలిచినట్లు ఆమె గ్రహించారు. 1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారి ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ గాయములకంటె జ్వరములు, విరేచనములే ఎక్కువమందిని బలిగొన్నవి. మురుగు కాలువలు శుభ్రపరచి, గాలి ఆడునట్లు చేసిన పిమ్మట మరణములు తగ్గినవి. ఆ లెక్కలన్నియు కూర్చి, ఆసుపత్రి కట్టడములను గూర్చి 1859లో ఒక గ్రంథము ప్రచురించారు.

తరువాత ఆమె పేరిట పోగైన నిధితో లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో ఒక ప్రసూతి వార్డు ఏర్పడినది. పల్లెలకు మంత్రసానులను తయారుచేయుట దాని ఉద్దేశము. పని చక్కగా సాగుచున్నదని అందరును తలంచారు. కాని బాలింత జ్వరము ప్రవేశించి తల్లులు మరణించసాగారు. లెక్క చూడగా వెయ్యి కాన్పులకు 33 మంది మరణించినట్లు తేలినది. ఆ రోజులలో ఇంగ్లండు మొత్తము మీద ఈ సంఖ్య వెయ్యికి 5 మాత్రమే. బీదరాలు తన గుడిసెలో కనుటకంటె ఈ వార్డులో కనుటే ప్రమాదమైనది! 1867లో ఆ వార్డు మూతపడినది. తన పేరుతో ముడిపడిన పనియే అయినను ఆమె ఆ లెక్కను దాచలేదు.

పైగా అనేక ఆసుపత్రుల లెక్కలు తెప్పించి, 1871లో ప్రసూతి ఆలయములను గూర్చి మరియొక పుస్తకము వెలువరించారు. దాని సారాంశమిది. ప్రసూతి వార్డు ఇతర రోగులున్న కప్పు క్రింద ఉండరాదు. శవపరీక్ష గదినుండి వచ్చిన విద్యార్థి బాలింతను ముట్టరాదు. పెద్ద హాలుకు బదులు ఒక్క మంచపు గదులు, లేదా నాలుగు మంచములకు మించని చిన్న గదులు కావలెను. ప్రసవపు గది వేరుగా ఉండవలెను. కిటికీలు గాలిని, వెలుతురును ధారాళముగా రానీయవలెను. గోడలు, నేల కడుగుటకు అనువుగా ఉండవలెను. గదులను వంతులవారీగా ఖాళీచేసి శుభ్రపరచవలెను.

రోగకారణము చెడుగాలియే అని ఆమె ఆనాడు నమ్మారు. బాలింత జ్వరమునకు సూక్ష్మక్రిములు కారణమని పాశ్చర్ 1879లో చూపారు. కారణము విషయములో ఆమె పొరబడినను, ఎడము, శుభ్రత, వేరు గదులు అను ఆమె మందు మాత్రము పొరబాటు కాలేదు. నేడును నవజాత శిశువుల వార్డును కట్టునప్పుడు మంచముల మధ్య దూరము, చేతులు కడుగు తొట్టి, గాలి వచ్చిపోవు దారి ముందుగా చూచుకొందుము.

ఆమె 1910 ఆగస్టు 13న, తొంబదేండ్ల వయస్సున కన్నుమూశారు. వార్డుకు రంగులు, పాలరాళ్లు ఎన్నుకొనుటకు ముందు ఇక్కడ ఎందరు తల్లులు, ఎందరు పసికందులు క్షేమముగా ఇల్లు చేరుచున్నారని లెక్క చూచుకొనుటయే ఆమెకు మనము చేయదగిన గౌరవము.