తేమ లెక్క తేల్చిన క్యారియర్

పోయిన ఎండాకాలం నేను ఇంటర్న్‌షిప్ చేసిన చోట ఒక రాత్రి వెబ్‌సైట్ పడిపోయింది. ఆ సాయంత్రమే నా కోడ్ ఎక్కించారు. తప్పు నాదేనేమోనని తెల్లారేదాకా లాగ్‌లు వెతికాను. తీరా చూస్తే సర్వర్ రూమ్‌లో ఏసీ ఆగిపోయింది. వేడి హద్దు దాటగానే సర్వర్లు వాటంతటవే ఆఫ్ అయిపోయాయి. ఆ గది గోడకున్న చిన్న డిస్‌ప్లేని అప్పుడే సరిగ్గా చూశాను. ఉష్ణోగ్రత పక్కనే ఇంకో అంకె ఉంది, గాలిలో తేమ శాతం. సర్వర్‌కి తేమతో పనేంటి అని వెతుకుతూ పోతే విల్లిస్ క్యారియర్ దగ్గర తేలాను. టిఫిన్ క్యారియర్ కాదు, ఏసీల మీద కనిపించే పేరు.

ఆయన 1876లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఏంగోలా అనే ఊళ్లో పుట్టాడు. చిన్నప్పుడు భిన్నాలు బుర్రకెక్కకపోతే వాళ్లమ్మ ఆపిల్ పళ్లు ముక్కలుగా కోసి నేర్పిందట. 1901లో కార్నెల్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేసి, బఫెలో ఫోర్జ్ అనే కంపెనీలో వారానికి 10 డాలర్ల జీతానికి చేరాడు.

మరుసటి ఏడాదే బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ సమస్య ఆయన దగ్గరికొచ్చింది. అక్కడ రంగుల బొమ్మల్ని ఒక్కో రంగుకి ఒక్కోసారి చొప్పున అచ్చేసేవాళ్లు. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగేది, తగ్గితే ముడుచుకునేది. వానాకాలంలో మన ఇంటి తలుపు ఉబ్బి బిగుసుకుపోయినట్టే. దాంతో రెండో రంగు మొదటి రంగు మీద సరిగ్గా కూర్చునేది కాదు. 1902 జూలైలో క్యారియర్ డిజైన్ గీసిచ్చాడు. తేమని 55 శాతం దగ్గర నిలబెట్టడం దాని పని. అప్పటికి ఆయన వయసు 25. అంటే ఏసీ మొదట పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితం కోసం! ఈ కథలో నాకు బాగా నచ్చింది ఇదే. సర్వర్ రూమ్‌లో కూడా మనం చలికి వణుకుతాం, సుఖమంతా మెషీన్లదే.

అసలైన ఐడియా ఆ తర్వాత వచ్చింది. పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫామ్ మీద, పొగమంచులో నిలబడి ఉన్నప్పుడు తట్టిందంటారు. గాలిని ఆరబెట్టాలంటే నీళ్లతో తడపాలి! తిక్కగా ఉంది కదా, నేనూ రెండుసార్లు చదివాను. గాలి చల్లబడేకొద్దీ తేమని పట్టి ఉంచుకోలేదు. చల్లటి నీటి తుంపర గుండా గాలిని పంపితే, ఎక్కువైన తేమని ఆ నీళ్లలోనే వదిలేస్తుంది. మిగిలిన తేమ ఎంతో నీటి ఉష్ణోగ్రతని బట్టి లెక్కకట్టొచ్చు. ఆ గాలిని మళ్లీ కొంచెం వేడి చేస్తే మనకి కావలసిన తేమ శాతం వచ్చేస్తుంది. 1906లో దీనికి పేటెంట్ వచ్చింది. 1911లో ఈ లెక్కలన్నీ అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టాడు. మన మెకానికల్ వాళ్లు తిట్టుకుంటూ చదివే సైక్రోమెట్రిక్ చార్ట్ వెనకున్నది ఆ పేపరే.

1915లో ఆరుగురు తోటి ఇంజనీర్లతో కలిసి సొంత కంపెనీ పెట్టాడు. 1922లో పెద్ద భవనాలకి సరిపోయే సెంట్రిఫ్యూగల్ చిల్లర్‌ని చూపించాడు. 1925లో న్యూయార్క్ రివోలి థియేటర్‌కి ఏసీ వచ్చింది, జనం ఎండాకాలంలోనూ సినిమాకి రావడం మొదలుపెట్టారు. పెద్ద డేటా సెంటర్లలో నీళ్లని చల్లబరిచే చిల్లర్లలో ఇప్పటికీ ఆ రకానివి ఉంటాయి.

1946లో ఎనియాక్ కంప్యూటర్‌ని ప్రపంచానికి చూపించేనాటికి ఆయన బతికే ఉన్నాడు. దానిలో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, 150 కిలోవాట్ల కరెంటు. కంప్యూటర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది, అప్పుడైనా ఇప్పుడైనా. క్యారియర్ 1950 అక్టోబర్ 7న చనిపోయాడు. వెబ్ అనే మాట పుట్టడానికి ఇంకా 40 ఏళ్లు ఉంది.

ఇప్పుడు సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని సిఫార్సు. తేమ మరీ ఎక్కువైతే తుప్పు, మరీ తక్కువైతే స్టాటిక్ కరెంటు. అయితే గది చల్లబడిందంటే ఆ వేడి మాయమైందని కాదు, బయటికి తోసేశామంతే. దానికి మళ్లీ కరెంటు, చాలాచోట్ల నీళ్లు కూడా కావాలి. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో పెద్ద డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. మే నెలలో బీచ్ రోడ్డు మీద పది నిమిషాలు నిలబడి చొక్కా తడిపేసుకున్నవాళ్లకి అక్కడి గాలిలో తేమెంతో వేరే చెప్పక్కర్లేదు.