బోరీ బందరు నుండి గోదావరి గట్టుకు: దామెర్ల రామారావు

బొంబాయి నగరానికి పోయిన ఆంధ్రులలో విక్టోరియా టెర్మినస్ స్టేషను చూడకుండా తిరిగి వచ్చేవారు అరుదు. బోరీ బందరు వద్ద 1878లో మొదలై పదేండ్లపాటు సాగిన ఆ కట్టడానికి రూపకల్పన చేసినవాడు ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ అనే ఆంగ్లేయుడు. 1887లో విక్టోరియా రాణి పేరు దానికి పెట్టినారు. 1996లో ఆ పేరు తొలగించి ఛత్రపతి శివాజీ పేరు వుంచినారు. 2004లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ గుమ్మటాన్ని, ద్వారం వద్ద కూర్చున్న సింహాన్ని, పులిని చూచి యాత్రికుడు నిలిచిపోతాడు. కాని ఆ గోడలపై పక్షులను, జంతువులను, ఆకులను, తీగెలను రూపొందించడంలో పక్కనే వున్న సర్ జంషెట్జీ జీజీభాయి చిత్రకళాశాల విద్యార్థులు పాలుపంచుకొన్నారని ఎరిగినవారు తక్కువ. స్టేషనుకు కూతవేటు దూరంలో వున్న ఆ కళాశాలలోనే, ఒక తరం గడిచిన పిమ్మట, మన గోదావరి తీరపు చిత్రకారుడు దామెర్ల రామారావుగారు విద్యాభ్యాసం చేసినారు.

రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించినారు. గోదావరిపై హేవలాకు వంతెన పూర్తియై రైళ్ళు నడిచిన 1900 నాటికి ఆయన మూడేండ్ల బాలుడు. రైళ్ళు రాకముందు మన ప్రాంతంవారికి దూరప్రయాణమంటే కాలువల్లో పడవలూ, కాకినాడ రేవులో ఓడలూ. వంతెన వచ్చిన తరువాత గోదావరి దాటి బెజవాడ, అక్కడినుండి హైదరాబాదు, వాడీల మీదుగా బొంబాయి రైలుకు అందే దూరంలోకి వచ్చింది.

ఆ దారిన రామారావుగారిని పంపినవాడు ఓస్వాల్డ్ కూల్డ్రే. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఈ ఆంగ్లేయుడు కవి, చిత్రకారుడు; తెలుగు పల్లెలన్నా, తెలుగు పిల్లలన్నా మక్కువగలవాడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావుగార్లు ఆయన శిష్యులే. రామారావుగారి చేతిలోని నేర్పును కనిపెట్టి, చదువు ఖర్చు తానే భరించి, 1916లో ఆయనను బొంబాయి చిత్రకళాశాలలో చేర్పించినాడు. అప్పటికి శిష్యునికి పందొమ్మిదేండ్లు.

ఆ కళాశాల చరిత్రలో ఒక విచిత్రమున్నది. స్టేషను అలంకరణను పర్యవేక్షించిన జాన్ గ్రిఫిత్స్ అనే ఉపాధ్యాయుడే, 1872 నుండి పదమూడేండ్లపాటు విద్యార్థులను వెంటబెట్టుకొనిపోయి అజంతా గుహల చిత్రాలకు ప్రతులు వ్రాయించినాడు. పాశ్చాత్య పద్ధతిలో లేచిన భవనానికి మన తీగెలను, పక్షులను అమర్చడం ఒక పని. మన ప్రాచీనుల కుంచె పోకడను రేఖ రేఖగా గ్రహించడం మరొక పని. రెండూ ఒక్క కళాశాలలోనే జరిగినవి. రామారావుగారు చేరేనాటికి అక్కడి బోధన ప్రధానంగా పాశ్చాత్యరీతిలోనిదే. మానవ శరీర నిర్మాణాన్ని ఎదుట చూచి చిత్రించడం, వెలుగునీడల కొలత, దూరదృశ్యాల అమరిక అక్కడ నేర్పేవారు. ఆ విద్య అంతా నేర్చి, దేనిని వుంచుకోవాలి, దేనిని విడిచిపెట్టాలి అన్నదే ఆ యువకుని ఎదుట నిలిచిన ప్రశ్న.

నాడు వంగదేశంలో అవనీంద్రనాథ ఠాకూరు సంప్రదాయం దేశమంతటా మన్ననలందుకొంటున్నది. మన బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు ఆ రీతిని బోధించినారు. రామారావుగారు ఆ సంప్రదాయాన్ని గౌరవించినారే కాని అనుకరించలేదు. బొంబాయిలో అబ్బిన శరీరజ్ఞానాన్ని విడువలేదు. దానికి బానిస కాలేదు. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకారం, నందిపూజ, కార్తీక పూర్ణిమ మొదలైన చిత్రాలలో స్త్రీల నిలుకడ, చీరకుచ్చెళ్ళ వంపు, మేని ఛాయ తెలుగు ఇండ్లలోనివి. ఆ రూపాలకు గల పొందిక శిక్షణ పొందిన చేతిది. ఋష్యశృంగుని కథను చిత్రించిన పటం కలకత్తా ప్రదర్శనలో బహుమతి గెలుచుకొన్నది. 1924లో లండను వెంబ్లీ ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలు చోటు సంపాదించినవి.

ఇంతటి పేరు వచ్చిన యువకుడు మహానగరంలోనే నిలిచి వుండవచ్చు. పటాలు కొనే ధనికులు, మెచ్చే పత్రికలు, ప్రదర్శనశాలలు అన్నీ అక్కడివే. బోరీ బందరులో దిగిన ప్రతిభావంతులలో ఎందరో ఆ నగరంవారే అయిపోయినారు. రామారావుగారు రాజమహేంద్రవరం తిరిగి వచ్చినారు. మిత్రుడు వరద వేంకటరత్నంగారు మొదలైనవారి తోడ్పాటుతో చిత్రకళాశాల నెలకొల్పి, పిల్లలను కూర్చోబెట్టుకొని రేఖ మొదలుకొని నేర్పినారు. ఆయన ఇంటివారికి కూడ ఆ విద్య అబ్బింది. భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కుంచె పట్టినారు. ఆ కాలంలో మన ఇండ్లలోని స్త్రీలు చిత్రకారిణులుగా పేరు పొందడం సామాన్యమైన విషయం కాదు. బొంబాయిలో నేర్చిన విద్య తనతోనే ఆగిపోకూడదని ఆయన సంకల్పం.

ఆ సంకల్పానికి విధి వ్యవధి ఇవ్వలేదు. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికం సోకి రామారావుగారు కన్నుమూసినారు. ఇరువదెనిమిదేండ్లు నిండడానికి ఇంకా నెల రోజులున్నవి. బొంబాయి విడిచి వచ్చిన తరువాత ఆయనకు దక్కినవి కొద్ది సంవత్సరాలు మాత్రమే. వేంకటరత్నంగారు దుఃఖాన్ని దిగమింగి, మిత్రుని కళాశాలను నిలిపి, చిత్రాలను చెదరిపోకుండా కాపాడినారు. వాటికి రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు చేరువలోనే చిత్రశాల ఏర్పడింది.

బొంబాయి స్టేషనును చూచి ఆశ్చర్యపడిన మనవారు ఈ చిత్రశాలను కూడ ఒకసారి చూడవలెను. అక్కడ రాళ్ళను తీర్చిన విద్యార్థుల పేర్లు యాత్రికునికి వినబడవు. ఆ కళాశాలలోనే చదివిన మన ఊరి బిడ్డ పేరు మాత్రం ఇక్కడ ద్వారంమీదనే వున్నది. లోపలి పటాలను నింపాదిగా చూచి, ఆయన ఏ విద్య నేర్చుకొని వచ్చినారో, దానిని ఎట్లా మనదిగా చేసినారో గమనించడం మన పని.