ఎదురు మేళం

రఘునాథపల్లి స్టేషన్‌లో దిగి ఊళ్ళోకి నడిచేవాళ్ళకు రోడ్డు పక్కన ఒక మంగలి దుకాణం కనబడేది. అద్దం పైన దేవుళ్ళ పటాల వరసలోనే ఒక సైడ్ డ్రమ్ము వేలాడుతుండేది. పగలు గడ్డాలు గీసిన చేతులే రాత్రి దాన్ని వాయించేవి. మా ఊరి బ్యాండుకు సాధన గది, బయానా పుచ్చుకునే గల్లా, అలిగినవాళ్ళను బుజ్జగించే పంచాయితీ, అన్నీ ఆ దుకాణమే. మొన్న మాఘంలో ఆ బ్యాండుకు క్లారినెట్ పట్టిన పెద్దాయన కన్నుమూశాడు. ఊరి వరసలో నాకు మామ. ఆయనతోపాటే బ్యాండూ పోయిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజం అది కాదు. అది అంతకు చాలా ముందే పోయింది. దానికి దినవారాలు ఎవరూ చేయలేదు.

మొత్తం పదకొండు మంది. ముందు వరసలో రెండు క్లారినెట్లు, రెండు ట్రంపెట్లు, ఒక సాక్సోఫోన్, ఎత్తుకున్న పసిపిల్లాడిలా ఒళ్ళో ఒదిగే ఈఫోనియం. వెనక రెండు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, తాళాలు, చేత్తో ఊపే గింజల డబ్బా. ఇత్తడి సామానంతా మీరట్ సరుకు. అక్కడి జలీ కోఠీలో నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి బ్యాండు వాయిద్యాల వ్యాపారంలో ఉంది. తెల్లవాళ్ళ పటాలంలో బ్యాండు నడిపిన మనిషి పెట్టిన దుకాణం అది. మన దగ్గరా ఈ వాయిద్యాలు కవాతు మైదానాల నుంచే పెళ్ళి పందిళ్ళకు నడిచొచ్చాయి. 1806లో వెలసిన సికింద్రాబాద్ కంటోన్మెంటు, నిజాం ఫౌజు, వాటి బ్యాండ్లు, ఆ బ్యాండ్ల నుంచి దిగిన మనుషులూ కోట్లూ. అప్పటిదాకా సన్నాయి, డోలు పట్టిన కుటుంబాలే చాలాచోట్ల క్లారినెట్టూ అందుకున్నాయి. మామ వాళ్ళ నాన్నది సన్నాయి. కొడుకు క్లారినెట్ ఊదుతుంటే ముసలాయన, "దీనికి ఊపిరి తక్కువ పడుతది, పొగరు ఎక్కువ వస్తది" అనేవాడట.

పెళ్ళికి ముందురోజు దుకాణం ముందు చింతపండు నీళ్ళ బక్కెట్టు పెట్టేవాళ్ళు. ట్రంపెట్లను చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, ఎండలో ఆరబెడితే వీధి వీధంతా మెరిసేది. మేం పిల్లలం వాటి మూతుల్లో మా మొహాలు వంకరగా చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

నేను ఆ గుంపులో ఎలా చేరానంటే, ఆగస్టు పదిహేను పుణ్యమాని. బడిలో ఒక పాత డ్రమ్మూ, సొట్టలు పడ్డ ఒక బ్యూగిలూ ఉండేవి. ప్రభాత్ ఫేరీకి పిల్లలను నడిపించడానికి డ్రమ్ము నా మెడలో వేశారు. బ్యూగిల్ దక్కిన నా దోస్తు ఎంత ఊదినా బర్రె అరుపే వచ్చేది. ఇద్దరం కలిసి మామ దగ్గరికి పోయాం. ఆయన బ్యూగిల్ తిప్పి చూసి, "దీనికి మీటల్లేవు బిడ్డా, నీ పెదవులే మీటలు" అన్నాడు. గొట్టం ఒక్కటే, పెదాల బిగువు మారిస్తేనే స్వరం మారుతుంది. సైన్యంలో నిద్ర లేపే పిలుపు నుంచి జెండా దించే పిలుపు దాకా అన్నిటికీ అట్లా దొరికే అయిదు స్వరాలే దిక్కు. నా వైపు తిరిగి, "కొట్టుడు తర్వాత సంగతి. ముందు ఇనుడు నేర్చుకో" అన్నాడు. నెల రోజులు పుల్లలు ముట్టనివ్వలేదు. పక్కన కూర్చోబెట్టి, ఈఫోనియం ఎప్పుడు ఊపిరి తీసుకుంటుందో లెక్కపెట్టమన్నాడు. ఆ తర్వాత రెండు పెళ్ళిళ్ళ కాలం, మూఢం లేని నెలల్లో, గింజల డబ్బా ఊపే ఉద్యోగం నాది. జీతం బూందీలడ్డు.

బ్యాండు గొప్పగా వాయించేదని అబద్ధం చెప్పను. వైశాఖపు ఎండకు ఇత్తడి వేడెక్కి శ్రుతి పైకి పాకేది. రెండో ట్రంపెట్ ఎప్పుడూ చరణంలో తోవ తప్పేవాడు. ఎర్రకోట్లు అన్నీ ఒకే కొలత, లావుపాటివాళ్ళకు గుండీలు పట్టేవి కావు, సన్నపువాళ్ళు అందులో కొట్టుకుపోయేవాళ్ళు. భుజాల మీద రాజుల జరీ. భోజనానికి మాత్రం ఆఖరి బంతి, అదీ పందిరి బయట. ఆ కోటు విప్పితే లోపల రంగు అంటిన బనీను. ఈ రెండూ కలిపి చూడకుండా బ్యాండు రోజులు బంగారు రోజులని తలచుకునేవాళ్ళ మీద నాకు కొంచెం కోపం.

అయినా ఎదురుకోళ్ళ రాత్రి ఒకటుంది. దాని ముందు ఏ కోపమూ నిలిచేది కాదు.

మగపెళ్ళివాళ్ళు పొలిమేరలో దిగుతారు. ఆడపెళ్ళివాళ్ళు మేళంతో ఎదురు పోతారు. షర్బత్, గంధం, బుక్కా గులాల్, వియ్యపురాళ్ళ సరసాలు. ఇవన్నీ పెద్దవాళ్ళకు. ఊరి కుర్రకారు వచ్చేది రెండు బ్యాండ్లు ముఖాముఖి నిలబడడం చూడ్డానికి. తలల మీద గ్యాస్ లైట్ల వెలుగులో ఇటు మేం, అటు జనగామ బ్యాండు. వాళ్ళు మాకంటే పెద్ద బృందం, కోట్లు నీలం. వాళ్ళొక పల్లవి ఊది ఆపాలి. మేం అది అందుకుని అలాగే అప్పజెప్పి, మీద మా చరణం వేయాలి. దానికి వాళ్ళు నడక మార్చి తీన్మార్‌లోకి తిప్పితే, మేం ఆ తీన్మార్‌లోనే కొత్త పాట ఎత్తాలి. అవతలివాళ్ళు ఊదేసిన పాటనే మళ్ళీ ఎత్తితే ఓడినట్టు. తీర్పు చెప్పేది అరుగుల మీద ముసలమ్మలు. వాళ్ళ దగ్గర మొహమాటాల్లేవు. లగ్నం దాటిపోతోందని పంతులుగారు కేకలేస్తే తప్ప ఆ పంతం తెగేది కాదు.

ఇందుకోసం కొత్త సినిమా వచ్చిన వారంలోగా పాటలు చేతిలో ఉండాలి. మామ జనగామ పోయి ఒకే సినిమా వరసగా రెండు ఆటలు చూసేవాడు. మొదటి ఆట కథకు, రెండో ఆట పాటలకు. చీకట్లో తొడ మీద వేళ్ళు కదుపుతూ స్వరాలు పట్టుకునేవాడు. స్వరం రాసుకోవడం ఆ బ్యాండులో ఎవరికీ రాదు, అవసరమూ పడలేదు.

ఒక రాత్రి మాదే పైచేయిగా ఉంది. ఇంకొక్క పాటైతే జనగామవాళ్ళకు సరుకు ఖాళీ. సరిగ్గా అప్పుడు వాళ్ళ క్లారినెట్ రీడు చీలింది. ముక్కు మూసుకున్న మేకలా కీచుమంది. జనం గొల్లున నవ్వారు. మామ చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. జేబులోంచి తన రెండో రీడు తీసి, నోట్లో తడిపి, నడి వీధి దాటిపోయి అవతలాయన చేతిలో పెట్టాడు. అది బిగించుకుని శ్రుతి సరిచూసుకునేదాకా సైడ్ డ్రమ్ములు సన్నగా నడుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత మేం ఓడిపోయాం. ఇంటికొస్తుంటే కడుపు మండి అడిగాను, ఎందుకిచ్చినవని. "ఓడగొట్టాలంటే అవుతలోడు ఊదాలె గద" అన్నాడు.

అమెరికాలో దీనికి దూరపు చుట్టం ఒకటుంది. డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు వాటిని పెంచాయి. 1972 నుంచి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ వేసవిలో ఛాంపియన్‌షిప్ పెడుతోంది. 1934లో న్యూజెర్సీలో ఒక చర్చి పిల్లలతో మొదలై, పదిసార్లు గెలిచిన ది కాడెట్స్ అనే బృందం 2024లో మూతపడింది. దాని కోసం ముసలివాళ్ళు ఏడ్చారంటే నాకు ఆశ్చర్యం లేదు. కాకపోతే వాళ్ళకు పూర్వ సభ్యుల సంఘాలున్నాయి, రికార్డింగులున్నాయి, దశాంశాలతో సహా మార్కులున్నాయి. మా బ్యాండుకు మిగిలింది ఒక్క ఫోటో. ఎవరిదో పెళ్ళి ఆల్బంలో, పెళ్ళికొడుకు భుజం వెనక సగం ట్రంపెట్.

డీజే బండి వచ్చాక పదకొండు మందికి బయానా ఎవరిస్తారు? మొదట గింజల డబ్బా పోయింది, తర్వాత ఈఫోనియం హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి పోయింది. 2020 వేసవిలో లాక్‌డౌన్ మిగిలిన పెళ్ళిళ్ళనూ మింగింది. మామ కొడుకు ఉప్పల్‌లో సెలూన్ పెట్టుకున్నాడు. అది మంచి బతుకు, ఆఖరి బంతి భోజనం లేని బతుకు. ఆ మధ్య ఖిలాషాపూర్ దారిలో ఒక ఎదురుకోళ్ళు చూశాను. అటో డీజే, ఇటో డీజే. రెండు లారీలూ ఒకదాని మొహంలో ఒకటి అరుస్తున్నాయి. పక్కనే ఉన్న గోడ గుండె అదిరింది గానీ, అటు ఏం పాటో ఇటువాళ్ళకు తెలియదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. అది నగరం మాట. మా దగ్గర పెళ్ళికి ఎన్ని పెట్టెలు పెట్టారన్నదే ఇప్పటికీ గొప్ప.

మామ పోయిన రోజు ముందు డప్పులు నడిచాయి. దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. కొడుకు వంగి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచాడు. అప్పుడు చూశాను, చింతచెట్టు కింద ముగ్గురు ముసలివాళ్ళు. జనగామ బ్యాండువాళ్ళు. ఒక క్లారినెట్, ఒక ట్రంపెట్, ఒక సైడ్ డ్రమ్ము. నీలం కోటు ఒక్కరికే మిగిలినట్టుంది. డప్పులవాళ్ళు పుల్లలు ఆపారు. జనగామాయన పల్లవి ఊది ఆపాడు. సరిగ్గా జవాబుకు పట్టేంతసేపు ఆపాడు. డ్రమ్ము మాత్రం సన్నగా లెక్క పెడుతూనే ఉంది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ అంతేసేపు ఆపాడు. మూడోసారి ఊది క్లారినెట్ దించినప్పుడు, కాజీపేట వైపు పోయే బండి ఒకటి కూత వేసుకుంటూ పోయింది. అది దాటిపోయేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత పాడె లేపారు.