సురవరం ప్రతాపరెడ్డి

సురవరం ప్రతాపరెడ్డి (మే 28, 1896 - ఆగస్టు 25, 1953) తెలంగాణకు చెందిన పత్రికా సంపాదకుడు, పరిశోధకుడు, కథకుడు, గ్రంథాలయోద్యమ నాయకుడు. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో 1926లో ప్రారంభమైన గోలకొండ పత్రికకు ఇతడు స్థాపక సంపాదకుడు. తెలుగుకు పాలనలో గాని, ఉన్నత విద్యలో గాని స్థానం లేని రోజుల్లో తెలుగువారి కష్టసుఖాలను తెలుగులోనే వెల్లడించే వేదికగా ఆ పత్రికను తీర్చిదిద్దాడు. ఇతని ఆంధ్రుల సాంఘిక చరిత్ర గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి గ్రంథం ఇదే.

బాల్యము, విద్యాభ్యాసము

ప్రతాపరెడ్డి బోరవెల్లి గ్రామంలో రంగమ్మ, నారాయణరెడ్డి దంపతులకు జన్మించాడు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఈ ప్రాంతం కృష్ణా తుంగభద్రల మధ్య నున్న నడిగడ్డలో ఉంది. అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండి, తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలో చేరి, 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో భాగమైంది. తుంగభద్ర దాటితే ఆ రోజుల్లో ఆంగ్లేయుల మద్రాసు రాజధానిలోని కర్నూలు. ఏటికి ఈవల ఉర్దూ రాజభాష. ఆవల తెలుగు బడులు, తెలుగు పత్రికలు ఉండేవి. ప్రతాపరెడ్డి చదువు ఏటికి ఆవలనే సాగింది. కర్నూలులో పినతండ్రి రామకృష్ణారెడ్డి వద్ద ఉండి చదువుకుంటూ, వెల్లాల శంభుశాస్త్రి వద్ద సంస్కృత కావ్యాలను అభ్యసించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఎ. పూర్తిచేసి, తరువాత న్యాయశాస్త్రంలో పట్టా పొందాడు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్ల భాషలలో ప్రవేశం సంపాదించాడు.

కొంతకాలం న్యాయవాదిగా పనిచేసిన తరువాత హైదరాబాదులోని రెడ్డి హాస్టలు బాధ్యతలు స్వీకరించాడు. గ్రామాల నుండి చదువు కోసం నగరానికి వచ్చే విద్యార్థులకు వసతి కల్పించే ఈ సంస్థ స్థాపనలో వనపర్తి సంస్థాన ప్రాంతానికి చెందిన నగర కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి ప్రముఖ పాత్ర వహించాడు. హాస్టలు గ్రంథాలయాన్ని ప్రతాపరెడ్డి శ్రద్ధతో పెంపొందించాడు. తరువాతి కాలంలో వెంకటరామారెడ్డి జీవిత చరిత్రను కూడా రచించాడు.

గోలకొండ పత్రిక

హైదరాబాదు సంస్థానంలో మిగిలిన ఏ భాష కంటెనూ ఎక్కువ మంది మాతృభాష తెలుగు. అయినా ప్రభుత్వ వ్యవహారాలు, న్యాయస్థానాలు, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని బోధన ఉర్దూలోనే సాగేవి. తెలుగు పత్రికలు బహు కొద్ది. 1913లో మహబూబ్‌నగర్ నుండి హితబోధిని, 1922లో ఇనుగుర్తి నుండి తెనుగు పత్రిక, అదే సంవత్సరం నల్లగొండ నుండి నీలగిరి పత్రిక వెలువడ్డాయి. నిధుల కొరత వలన ఇటువంటి ప్రయత్నాలు ఎక్కువ కాలం నిలవలేదు.

ఈ పరిస్థితులలో 1926 మే 10న హైదరాబాదు నుండి గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వెలువడే పత్రికగా ప్రారంభమైంది. సిబ్బంది తక్కువ కావడంతో ప్రతాపరెడ్డి సంపాదకత్వంతో పాటు అచ్చు తప్పులు దిద్దడం వంటి పనులు కూడా స్వయంగా చేసేవాడు. చిత్రగుప్త, జంగం బసవయ్య, భావకవి రామమూర్తి మొదలైన మారుపేర్లతో వ్యాసాలు, విమర్శలు రాశాడు. వెట్టిచాకిరి, గ్రామాధికారుల ఆగడాలు, విద్యలో మాతృభాషకు జరుగుతున్న అన్యాయం, స్త్రీ విద్య, గ్రంథాలయాల ఆవశ్యకత వంటి విషయాలు పత్రికలో చర్చకు వచ్చేవి. 1947లో గోలకొండ పత్రిక దినపత్రికగా మారింది.

ప్రభుత్వ ఆంక్షలు

నిజాం రాజ్యంలో బహిరంగ సభ జరపాలన్నా ముందుగా అనుమతి కావలసి ఉండేది. పత్రికలపైనా నిఘా ఉండేది. గోలకొండ పత్రిక సంపాదకీయాలు ప్రభుత్వానికి రుచించక, వాటిని ముందుగా చూపించి సమ్మతి పొందిన తరువాతనే అచ్చు వేయాలని ఒక దశలో ఆజ్ఞ వెలువడింది. ప్రతాపరెడ్డి ఆ ఆజ్ఞను ఎదిరించి పత్రికను మూతపడనీయలేదు. లొంగిపోయి అధికారులకు నచ్చేటట్లు రాయనూ లేదు. స్వేచ్ఛను గురించి లోకప్రసిద్ధులైన మేధావులు చెప్పిన మాటలను ఏరి సంపాదకీయం స్థానంలో ప్రకటించసాగాడు. అవి సంపాదకుని సొంత మాటలు కావు గనుక తప్పు పట్టడానికి వీలులేకపోయింది. అయినా చెప్పదలచినది పాఠకులకు చేరింది. 

గోలకొండ కవుల సంచిక

తెలంగాణంలో చెప్పుకోదగిన తెలుగు కవులు లేరనే అర్థం వచ్చేటట్లు ఒక రచయిత చేసిన వ్యాఖ్య ఇక్కడి సాహిత్యాభిమానులను బాధించింది. దానికి వాదంతో కాక ఆధారంతో బదులు చెప్పాలని ప్రతాపరెడ్డి నిశ్చయించాడు. పత్రిక ద్వారా సంస్థానం నలుమూలల నుండి కవుల వివరాలను, పద్యాలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించాడు. ఇందులో 354 మంది కవుల సమాచారం ఉంది.

నిజాం రాజ్యంలో తెలుగు విద్వత్తుకు చిన్న సంస్థానాలు ముఖ్యమైన ఆశ్రయాలుగా ఉండేవి. పండిత పోషణ వలన గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు వచ్చింది. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కూడా కవులను ఆదరించాయి. జటప్రోలు పాలకుల రాజధాని అయిన కొల్లాపురం 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. ఈ సంస్థానాల కవులతో పాటు మారుమూల గ్రామాల కవులకు కూడా సంచికలో చోటు దొరికింది.

ప్రజా జీవితము

1930లో మెదక్ జిల్లా జోగిపేటలో జరిగిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ ప్రథమ సమావేశానికి ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించాడు. గ్రంథాలయ మహాసభలకు, ఆంధ్ర సారస్వత పరిషత్తుకు కూడా అధ్యక్షుడిగా వ్యవహరించాడు. 1951లో ప్రజావాణి అనే మరొక పత్రికను ప్రారంభించాడు. 1952లో హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో వనపర్తి నియోజకవర్గం నుండి కాంగ్రెసు అభ్యర్థిగా ఎన్నికయ్యాడు. ఆ పదవిలో ఉండగానే 1953 ఆగస్టు 25న మరణించాడు.

రచనలు

1949లో ప్రచురితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఇతని రచనలలో ముఖ్యమైనది. తూర్పు చాళుక్యుల కాలం నుండి 20వ శతాబ్దం ఆరంభం వరకు తెలుగువారి ఆహారం, వేషభాషలు, వృత్తులు, ఆటపాటలు, ఆచారాలు ఇందులో వివరించబడ్డాయి. రాజుల యుద్ధాలకు బదులు సామాన్యుల జీవితం ఈ గ్రంథానికి వస్తువు. అందుకు క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, హంసవింశతి వంటి కావ్యాలలోని వర్ణనలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించాడు. పత్రికలో గ్రామీణుల గోడును ప్రకటించిన దృష్టే ఈ గ్రంథంలోనూ కనిపిస్తుంది. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, హైందవ ధర్మవీరులు, గ్రంథాలయోద్యమము, భక్త తుకారాం నాటకం ఇతర రచనలు. మొగలాయి కథలు నిజాం కాలపు అధికారుల తీరును హాస్యంగా చిత్రిస్తాయి.

స్మరణ

హైదరాబాదులోని టాంక్‌బండ్‌పై ప్రతాపరెడ్డి విగ్రహం ఉంది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఇతని పేరు పెట్టాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. అందుకు సంబంధించిన బిల్లును శాసనసభ 2025లో ఆమోదించింది. చదువు కోసం ఏరు దాటిపోవలసి వచ్చిన నడిగడ్డ విద్యార్థి పేరును ఒక తెలుగు విశ్వవిద్యాలయం ధరించింది.